ట్రాక్టరుపైనే గాలి ఏర్పాటు: ఏది ఎంచుకోవాలి?

కిందటి ఖరీఫ్‌లో ఉభాలు జోరుగా సాగుతున్న రోజుల్లో నేను బాడంగి వైపు వెళ్తుండగా రోడ్డు పక్క మడిలో ఒక ట్రాక్టరు ఆగి ఉంది. వెనుక టైరు పూర్తిగా కూర్చుంది. ఆకుమడి నుంచి నారు తీసి కట్టలు కట్టి గట్టు మీద పెట్టారు. పద్నాలుగు మంది ఆడకూలీలు చెట్టు కింద కూర్చున్నారు. పంక్చరు వేసే కుర్రాడు బండి మీద వచ్చి, ట్యూబుకు అతుకు వేసి, టైరు ఎక్కించేశాడు కూడా. ఇక కావలసింది గాలి. అతని దగ్గరున్నది కాలితో తొక్కే పంపు. ఇద్దరు మనుషులు వంతులవారీగా తొక్కుతున్నారు. నేను ఉన్న అరగంటలో టైరు మడత విప్పుకోలేదు. చివరికి చక్రం విప్పి ఆటోలో వేసుకుని బొబ్బిలి తీసుకెళ్లారు. ఆ పూట కూలి, నారు వాడటం, మరునాడు మళ్లీ దమ్ము చేయాల్సి రావడం, ఇవన్నీ లెక్క వేస్తే ఒక మంచి పంపు ఖరీదు దాటిపోయింది.

అందుకే ట్రాక్టరు మీదే గాలి నింపుకునే ఏర్పాటు గురించి రైతు సోదరులు తరచూ అడుగుతున్నారు. కొండలు, ఇసుక దారుల్లో జీపులు నడిపేవారి కోసం తయారైన పంపులు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 150 పౌండ్లు అని రాసి ఉంటుంది. (షాపుల్లో మనం పౌండ్లు అనేదీ, పెట్టె మీద పిఎస్ఐ అని ఉండేదీ ఒకటే. ఈ వ్యాసంలో పౌండ్లు అనే వాడుతున్నాను.) ఆ అంకె చూసి కొనడమే చాలామంది చేసే మొదటి తప్పు.

మన టైరుకు ఎంత గాలి కావాలి?

ట్రాక్టరు వెనుక టైరులో ఉండే పీడనం చాలా తక్కువ. దుక్కిలో 12 నుంచి 14 పౌండ్లు, రోడ్డు మీద ట్రాలీతో నడిచేటప్పుడు 16 నుంచి 20 పౌండ్లు సాధారణంగా సరిపోతాయి. మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో మీ టైరు సైజుకు ఉన్న అంకే ప్రమాణం. కాబట్టి 150 పౌండ్ల పంపుకీ 60 పౌండ్ల పంపుకీ ఈ పనిలో తేడా లేదు. తేడా వచ్చేది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి వస్తుందన్న దగ్గర. టైరు పెద్దది, పీడనం చిన్నది. ఇక్కడ మనం కొనుక్కునేది లీటర్లు.

లెక్క కష్టమేమీ కాదు. టైరు లోపలి ఖాళీని లీటర్లలో తీసుకుని, ఎన్ని పౌండ్లు పెంచాలో దానితో గుణించి, 14.7తో భాగించాలి. 14.7 అనేది మన చుట్టూ ఉన్న గాలి పీడనం. మన 40, 45 హెచ్‌పీ ట్రాక్టర్లకు ఎక్కువగా ఉండే 13.6-28 టైరులో సుమారు 250 లీటర్ల ఖాళీ ఉంటుంది. దానిని 12 పౌండ్ల నుంచి 18కి పెంచడానికి 250 ఇంటూ 6 బై 14.7, అంటే సుమారు 100 లీటర్లు కావాలి. రెండు టైర్లకు 200. అదే టైరు పూర్తిగా కూర్చుంటే 14 పౌండ్లకు తేవడానికి ఒక్కదానికే 240 లీటర్లు. పంక్చరు వేసిన తర్వాత టైరు అంచు రిమ్ముకు సరిగా కూర్చోవాలంటే ముందు ఇంకా ఎక్కువ నింపి, ఆ తర్వాత తగ్గించాలి. 30 పౌండ్ల దాకా వెళ్తే 500 లీటర్లు దాటుతుంది. ముందు టైరు 6.00-16 అయితే ఖాళీ సుమారు 40 లీటర్లే కాబట్టి దాని గురించి ఆలోచించనక్కర్లేదు, ఏ పంపైనా నింపుతుంది.

కాలి పంపు ఒక తొక్కుకు మూడో వంతు లీటరు ఇస్తే గొప్ప. 240 లీటర్లకు ఏడు వందల పైచిలుకు తొక్కులు. బాడంగి రోడ్డు పక్కన ఆ ఇద్దరూ ఎందుకు ఓడిపోయారో ఈ లెక్కే చెబుతుంది.

వెనుక టైర్లలో నీళ్లు నింపించుకున్నవారికి ఈ లెక్క మారుతుంది. ముప్పాతిక వంతు నీళ్లుంటే గాలికి మిగిలే చోటు అరవై లీటర్లే. 6 పౌండ్లు పెంచడానికి పాతిక లీటర్లు చాలు. అయితే అదే కారణంగా చిన్న లీకు ఉన్నా పీడనం త్వరగా పడిపోతుంది. గాలి పెట్టేటప్పుడూ, కొలిచేటప్పుడూ చక్రాన్ని తిప్పి వాల్వు పైవైపుకు తెచ్చుకోవాలి. కిందవైపు ఉంటే నీళ్లు పైపులోకి, అక్కడి నుంచి గేజిలోకి ఎక్కి దాన్ని పాడుచేస్తాయి.

దించడం ఎందుకు, ఎక్కించడం ఎందుకు?

"రోడ్డుకూ చేనుకూ ఒకే గాలి ఉంచితే పోదా సార్?" అని అడుగుతారు. పోతుంది, కానీ ఏదో ఒక చోట నష్టపోతారు. టైరు నేల మీద మోపే ఒత్తిడి సుమారుగా లోపలి గాలి పీడనంతో సమానంగా ఉంటుంది. ఒక చక్రం మీద 900 కిలోల బరువు పడుతోందనుకోండి. 18 పౌండ్ల దగ్గర అది నేలను తాకే చోటు సుమారు 700 చదరపు సెంటీమీటర్లు. 12 పౌండ్లకు దించితే 1,050 దాకా పెరుగుతుంది. పాదం ఒకటిన్నర రెట్లు అయినట్టు. తొలకరి తర్వాత మన ఎర్ర గరువుల్లో దుక్కి చేసేటప్పుడు చక్రం జారడం తగ్గుతుంది, డీజిల్ కలిసొస్తుంది, నేల గట్టిపడటం తగ్గుతుంది. చక్రం పదిహేను శాతం కంటే ఎక్కువ జారుతుంటే మీరు పోసిన డీజిల్ మట్టిని చిలకడానికే పోతోందని అర్థం.

దమ్ములో కేజ్ వీల్స్ వేసేవారికి టైరు గాలితో వచ్చే లాభం తక్కువే. నా అనుభవంలో దించిన టైరు ఎక్కువగా ఉపయోగపడేది మూడు చోట్ల. మొదటిది తొలకరి దుక్కి. రెండోది చెరకు తోటలోకి ట్రాలీ దించినప్పుడు. మూడోది అక్టోబరు, నవంబరు వాయుగుండాల తర్వాత ఆరని పొలంలోంచి వరి కట్టలు కల్లానికి చేరవేసేటప్పుడు. ఆ రోజుల్లో పల్లపు మడిలో దిగబడిన ట్రాక్టరును తీయడానికి ఇంకో ట్రాక్టరు వచ్చి అదీ దిగబడటం మన మండలంలో ఏటా చూస్తున్నదే.

కష్టం రెండో సగంలో వస్తుంది. పొలంలో దించడానికి పుల్ల చాలు, ఎక్కించడానికి పంపు కావాలి. పంపు లేక, దించిన గాలితోనే చెరకు ట్రాలీ తగిలించి సంకిలి ఫ్యాక్టరీ దాకా నడిపిస్తారు. తక్కువ గాలితో బరువు లాగితే టైరు రిమ్ము మీద జరుగుతుంది, ట్యూబు వాల్వు మొదట్లో చిరుగుతుంది. టైరు పక్కగోడలు మడత పడి వేడెక్కి పొరలు విడిపోతాయి. రామభద్రపురం దాటాక మలుపులో బండి ఊగుతుంది. నిండు ట్రాలీ వెనక నుంచి తోస్తుంటే ఆ ఊగుడు చిన్న విషయం కాదు. దించాక ఎక్కించుకునే దారి లేనివారు అసలు దించవద్దని నేను ఖచ్చితంగా చెబుతాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ట్రాక్టర్లకు ఇనుప చక్రాల బదులు గాలి టైర్లు వచ్చింది 1932 ప్రాంతంలో, అమెరికాలో ఆలిస్ చామర్స్ కంపెనీ ట్రాక్టరుకు. మరో పదేళ్లకే రెండో ప్రపంచ యుద్ధంలో, నేల మీదా నీటి మీదా నడిచే డక్ అనే సైనిక వాహనంలో డ్రైవరు సీటులో కూర్చునే టైర్ల గాలి పెంచుకునే, తగ్గించుకునే ఏర్పాటు చేశారు. సముద్రం ఒడ్డు ఇసుకలో దించి, రోడ్డెక్కగానే పెంచేవారు. ఇప్పుడు యూరప్‌లో పెద్ద ట్రాక్టర్లకు కంపెనీలే ఈ ఏర్పాటు బిగించి ఇస్తున్నాయి. మనకు అంత అక్కర్లేదు. ఒక పంపు, ఒక పైపు, ఒక మంచి గేజి చాలు.

బ్యాటరీతో నడిచే పంపులు

వీటిలో రెండు రకాలు. రెండు మూడు వేలకు దొరికే చిన్న పంపు కార్లకోసం చేసినది. పెట్టె మీద 35 లీటర్లని రాసి ఉన్నా, టైరులో పీడనం ఉన్నప్పుడు చాలావాటికి నిమిషానికి 20 రావడం కష్టం. దానితో రెండు వెనుక టైర్లను 12 నుంచి 18కి తేవాలంటే పది నిమిషాలు. అది ఫరవాలేదు. కానీ కూర్చున్న టైరును 30 పౌండ్లకు ఎక్కించాలంటే ఆపకుండా పాతిక నిమిషాలు నడవాలి. ఆ పంపులకు పది, పదిహేను నిమిషాలకోసారి విరామం ఇవ్వాలని వాటి కాగితం మీదే రాసి ఉంటుంది. ఎవరూ చదవరు. మే నెల ఎండలో ట్రాక్టరు బానెట్ మీద పెట్టి నడిపితే లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం మెత్తబడి పంపు అక్కడితో సరి.

రెండు సిలిండర్ల పంపు బరువుగా ఉంటుంది, నేరుగా బ్యాటరీకి క్లిప్పులతో తగిలిస్తారు. 70 లీటర్లని రాసి ఉంటే 50 వస్తుందనుకోండి. రెండు టైర్ల పని నాలుగు నిమిషాలు, కూర్చున్న టైరు పది నిమిషాలు. ఒక్క ట్రాక్టరు ఉన్న రైతుకు నేను చెప్పేది ఇదే.

కొన్నాక పంపును ఎలా తగిలిస్తారన్నది కొనడమంత ముఖ్యం. ఇది 25 నుంచి 30 ఆంపియర్లు లాగుతుంది. చాలా ట్రాక్టర్లలో ఆల్టర్నేటరు ఇచ్చేది 40 ఆంపియర్ల అటూ ఇటూ. అందువల్ల ఇంజను ఆపి పంపు నడపకూడదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను కాస్త వేగం పెంచి నడపాలి. హెడ్‌లైట్లు ఆపేయాలి. సిగరెట్ లైటరు సాకెట్టులోంచి ఈ పంపుకు కరెంటు తీస్తే ఫ్యూజు పోతుంది, పోకపోతే వైరు కాలుతుంది.

వెనుక చక్రాన్ని అందుకోవడానికి కొందరు వైరు పొడిగిస్తారు. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరును అయిదు మీటర్లు వేస్తే 30 ఆంపియర్ల దగ్గర రెండు వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. 12 వోల్టుల్లో రెండు పోతే మోటారు నీరసంగా తిరిగి వేడెక్కుతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే నష్టం ఒక వోల్టు. అంతకంటే మంచి పని, కరెంటు వైరు పొట్టిగా ఉంచి గాలి పైపు పొడవు చేసుకోవడం. గాలి పైపు పొడవైనా మన పనికి నష్టం లేదు. పంపును శాశ్వతంగా బిగించదలిస్తే బ్యాటరీ పక్కనే 40 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. ధాన్యం కల్లంలో, గడ్డి మోపుల మధ్య నిలబడే బండి ఇది. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇంజనుతో తిరిగే కంప్రెసరు

గట్టి రాతి నేలల్లో బావులు తవ్వే చోట పీటీఓతో తిరిగే కంప్రెసరు ట్రాక్టర్లను మన రైతులు చాలామంది చూసే ఉంటారు. గాలికి కొదవ ఉండదు. అయితే అది రాళ్లకు కన్నాలు వేసే వ్యాపారం. టైర్ల కోసం అలాంటిది పెట్టుకోవడం ఈగను కొట్టడానికి రోకలి ఎత్తడమే.

పాత లారీ ఎయిర్ బ్రేకు కంప్రెసరును తెచ్చి ఇంజను ముందు పుల్లీకి బెల్టుతో కలపడం మరో దారి. మంచి మెకానిక్ చేస్తే బాగానే పనిచేస్తుంది. 160 సీసీ కంప్రెసరు 1,500 చుట్ల దగ్గర సిలిండరు లెక్కన నిమిషానికి 240 లీటర్లు, నికరంగా అందులో సగం పైన ఇస్తుంది. కానీ దానికి ఇంజను నుంచి నూనె అందాలి, వేడి తగ్గాలి, పీడనం నిండాక దానంతట అదే ఖాళీగా తిరిగే అన్‌లోడరు వాల్వు ఉండాలి. ఇవి లేకుండా ఊరికే బెల్టు వేసినవి ఒక సీజను కూడా నిలవడం నేను చూడలేదు. ఫ్యాను, నీటి పంపు నడిపే బెల్టు మీదే అదనపు బరువు వేస్తే ఇంజను వేడెక్కుతుంది. కారు ఏసీ కంప్రెసరును గాలికి వాడేవారూ ఉన్నారు. దానికి నూనె ఏసీ గ్యాసుతో కలిసి తిరుగుతుంది, గాలితో నడిపితే లోపల ఎండిపోయి పట్టేస్తుంది. వారంటీ ఉన్న ట్రాక్టరుకైతే ఈ పనులేవీ చేయించవద్దు. కంపెనీయే ట్రాలీ బ్రేకుల కోసం కంప్రెసరు బిగించి ఇచ్చిన ట్రాక్టరు మీకుంటే అదృష్టం, ట్యాంకు నుంచి టైరుకు ఒక పైపు తీసుకుంటే సరిపోతుంది.

ట్రాలీ టైర్ల సంగతి వేరు

ఇప్పటిదాకా చెప్పినది ట్రాక్టరు టైర్ల గురించి. ట్రాలీకి వేసే 9.00 సైజు టైర్లలో గాలి తక్కువ చోటులో ఎక్కువ పీడనంతో ఉంటుంది. సైజును, ప్లై రేటింగును బట్టి 70, 80 పౌండ్లు, ఆ పైన కూడా. సుమారు నూరు లీటర్ల టైరును 50 నుంచి 80కి పెంచాలంటే 200 లీటర్లు, అదీ పంపు బలం సగానికి పడిపోయే పీడనం దగ్గర. చిన్న పంపుతో ఒక్కో టైరుకు ఇరవై నిమిషాలు. దాన్ని ఆ పనికి పెట్టవద్దు. ట్రాలీ గాలి ఊళ్లోనే చూసుకుని బయలుదేరాలి.

ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే విషయం ఒకటుంది. కొన్ని ట్రాలీ చక్రాలకు రిమ్ము మీద లాక్ రింగు ఉంటుంది. అది గాడిలో సరిగా కూర్చోకుండా గాలి పెడితే తుపాకి గుండులా ఎగిరి వస్తుంది. నా సర్వీసు తొలినాళ్లలో ఒక పల్లె షాపులో నా కళ్లముందే ఒక కుర్రాడి మోచేయి విరిగింది. రింగు అతని తలను రెండు జానల దూరంలో తప్పింది. అప్పటి నుంచి గాలి పెట్టేచోట నేను చక్రానికి ఎదురుగా నిలబడను. తుప్పు పట్టిన రింగు, వంకర పోయిన రింగు వాడకూడదు. వాల్వుకు పట్టుకునే క్లిప్పు, మూడు మీటర్ల పైపు పెట్టుకుని, టైరు పక్కగోడకు ఎదురుగా కాకుండా గుండ్రటి నడిచే భాగం వైపు నిలబడి గాలి పెట్టాలి. పూర్తిగా కూర్చున్న ట్రాలీ టైరును రింగు విప్పి చూడకుండా పొలంలో నింపవద్దు.

గాలి ట్యాంకు, గ్యాసు సిలిండరు

చిన్న ట్యాంకు మోసుకెళ్లడం మంచి ఉపాయమే. 20 లీటర్ల ట్యాంకును 8 కిలోల పీడనంతో (సుమారు 115 పౌండ్లు) నింపితే టైరుకు పనికొచ్చేది సుమారు 135 లీటర్లు. ఒక వెనుక టైరును 12 నుంచి 18కి తెచ్చి ఇంకా కొంచెం మిగులుతుంది. ఊళ్లో అయిదారు ట్రాక్టర్లున్న రైతులు కలిసి సింగిల్ ఫేజుతో నడిచే 2 హెచ్‌పీ కంప్రెసరు ఒకటి, ఇలాంటి ట్యాంకులు రెండు కొనుక్కుంటే, విడివిడిగా అందరూ పంపులు కొనడం కంటే చవక. ట్రాలీ టైర్ల సమస్యా తీరుతుంది. అద్దె యంత్రాల కేంద్రాలు నడుపుతున్న సంఘాలు దీన్ని ఆలోచించాలి. మన తేమ గాలికి ట్యాంకు అడుగున రోజూ నీళ్లు చేరతాయి. కింది మర తిప్పి వదిలేయాలి, లేకపోతే లోపలి నుంచి తుప్పు తింటుంది. పైన సేఫ్టీ వాల్వు పనిచేస్తోందో లేదో నెలకోసారి లాగి చూడాలి.

పాత వంటగ్యాసు సిలిండరుకో, ఫ్రిజ్ గ్యాసు డబ్బాకో వాల్వు అతికించి ట్యాంకు చేసి ఇస్తామనే వెల్డర్లు ఉన్నారు. చేయించుకోవద్దు. అతుకు దగ్గర లోహం బలహీనపడి ఉంటుంది, ఎప్పుడు విడిపోతుందో చెప్పలేం.

కార్బన్ డయాక్సైడు సిలిండరు కొండ దారుల్లో జీపులు నడిపేవారికి ఇష్టం. ఒక కిలో గ్యాసు 550 లీటర్లవుతుంది. అయిదు కిలోలుంటే మన రెండు టైర్లను పన్నెండు, పదమూడుసార్లు 18కి తేవచ్చు. మోటారు లేదు, చప్పుడు లేదు. అయినా మన దగ్గరకు ఇది కుదరదు. ఆ గ్యాసు 31 డిగ్రీలు దాటితే ద్రవంగా ఉండలేదు, ఆపైన ఎండకు లోపలి పీడనం జోరుగా పెరుగుతుంది. మన వేసవిలో నీడలోనే నలభై దాటే రోజులుంటాయి. రెగ్యులేటరు లేకుండా నింపబోతే వాల్వు గడ్డకట్టుకుపోతుంది. అయిపోతే మళ్లీ నింపించుకోవడానికి నగరానికి పోవాలి.

ఆక్సిజన్, వంటగ్యాసు మాత్రం ఏ అవసరంలోనైనా టైరులోకి ఎక్కించకూడదు. గ్యాసు వెల్డింగు షాపులో అందుబాటులో ఉంది కదా అని ఆక్సిజన్ పెట్టినవారి గురించి విన్నాను. నూనె, రబ్బరు, ఆక్సిజన్ ఒకచోట చేరితే అది బాంబు. తర్వాత ఆ రిమ్ముకు ఎవరైనా వెల్డింగు పెడితే వారి ప్రాణం పోతుంది.

గేజి లేకుండా పంపు కొనవద్దు

మన పంక్చరు షాపుల్లో ఉండేది 160 పౌండ్ల దాకా కొలిచే లారీ గేజి. దాని మీద 12కీ 18కీ మధ్య దూరం వెంట్రుకంత. చేత్తో తట్టి చూసి "బాగుంది సార్" అనేవారి మాటా అంతే. 0 నుంచి 30 లేదా 60 పౌండ్ల దాకా కొలిచే గేజి విడిగా కొనండి. టైరు చల్లగా ఉన్నప్పుడు, తెల్లవారుజామున కొలవాలి. రోడ్డు మీద నడిచి వచ్చిన వేడి టైరులో రెండు పౌండ్లు ఎక్కువ కనిపించిందని వదిలేస్తే మరునాటికి తక్కువైపోతుంది.

పంపు ఉన్నవారికి ఇంకో లాభం. నూర్పిళ్ల రోజుల్లో రేడియేటరు జాలీలో పొట్టు నిండిపోయి ఇంజను వేడెక్కుతుంది. ట్యాంకు ఉంటే ఫ్యాను వైపు నుంచి బయటికి ఊదుకోవచ్చు. ఎయిర్ ఫిల్టరును లోపలి నుంచి బయటికి, 30 పౌండ్లకు మించకుండా ఊదాలి. ఎక్కువ పెడితే కాగితం చిరిగి దుమ్ము నేరుగా ఇంజనులోకి పోతుంది. ఒంటి మీద బట్టల దుమ్ము దులపడానికి ఈ గాలి వాడకండి. కన్ను, చెవి పోతాయి.

యంత్రాల నిర్వహణ మీద సరైన శిక్షణ కావాలనుకునే యువకులు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ గురించి మీ రైతు సేవా కేంద్రంలో అడగండి.

పంపు కొనడానికి వెళ్లేటప్పుడు ట్రాక్టరు తీసుకెళ్లండి. ముందు టైరు 6.00-16ను 20 పౌండ్లకు దించి, షాపువాడి పంపుతో 30కి ఎక్కించమనండి. దానికి 27 లీటర్లు పడుతుంది. ఫోనులో టైము చూడండి. అర నిమిషంలో ఎక్కిస్తే ఆ పంపు నిమిషానికి 54 లీటర్లు ఇస్తున్నట్టు. నిమిషం దాటితే పెట్టె మీద ఏమి రాసి ఉన్నా అది కారు పంపే.